రెండూ ఎడమచేతులే

ఆ రోజుల్లో నాకు దేన్ని చూసినా కోపమే. పుంగనూరు నుంచి మదనపల్లెకు వెళ్ళే బస్సు ఆలస్యమైతే కోపం, వేళకొస్తే సీటు లేదని కోపం. కొత్త ఉద్యోగంలో చేరి చేతిలో జీతం పడ్డాక మనిషికి ముందుగా హక్కులు గుర్తొస్తాయనుకుంటాను. ఆ ఊపులోనే, ఆరు నెలలు కడుపు మాడ్చుకుని, లారీలాంటి బొమ్మ ఒకటి తెప్పించాను. మడతలు విప్పితే రోబో అవుతుంది. (పిల్లలాడుకునేది కాదండీ, పెద్దవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసే రకం.) "కంపెనీ సరుకు మా, వంక పెట్టేదానికుండదు" అని అమ్మ దగ్గర కోతలు కూడా కోశాను.

పెట్టె తెరవగానే అమ్మ లారీని చూసి పసుపు, కుంకుమ తెచ్చింది. "బండి బండేనప్పా, సిన్నదైతే ఏమి? నిమ్మకాయ తొక్కించకనే యాడికి కదిలిస్తావు?" అంది. ఆ చక్రానికి సరిపడే నిమ్మకాయ లేదు గనక నిమ్మగింజ పెట్టింది. ముందు అద్దం కింద మూడు బొట్లు పెట్టి హారతిచ్చింది. నేను నవ్వుకుంటూ దాన్ని రోబోగా మార్చాను. నవ్వు అక్కడే ఆగిపోయింది. రెండూ ఎడమచేతులే! కుడివైపు తగిలించినదానికి బొటనవేలు వెనక్కి తిరిగి ఉంది. ఒక మోకాలు బిగుసుకుపోయింది, రెండోది వేలాడుతోంది. అంత డబ్బు పోసినవాడికి ఒక కుడిచెయ్యి ఇవ్వలేరా? ఆ ఫ్యాక్టరీలో ఒక్కరైనా తమ చేతుల వంక చూసుకోరా? ఇప్పుడు రాస్తున్నా ఒళ్ళు మండుతోంది.

ఫొటోలు పంపాను. వారానికి జవాబొచ్చింది: వస్తువు మీద ఎర్ర మరకలున్నాయి, కొన్నవారే పాడుచేశారు, మార్చివ్వడం కుదరదు. ఫోన్ చేసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "కుంకుమ పెడితే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతుందా?" అంటే అవతలి గొంతు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అంది. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ చింతించింది. ఫోన్ పెట్టేసి, మిగిలిన కోపమంతా అమ్మ మీద కుమ్మరించాను. "నిన్నెవరు పెట్టమన్నారు మా బొట్లు? అంతా నీ వల్లే!"

అమ్మ బొమ్మను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తడిగుడ్డతో బొమ్మను రుద్దుతూ కూర్చుని ఉంది. బొట్లతో పాటు రంగు కూడా ఊడొచ్చింది. "పూర్తిగా పోలేదు నాయనా. ఇంగ వాళ్ళు మార్చియ్యరా?" అని బెదురుగా అడిగింది. తడిగుడ్డకే ఊడిపోయే రంగు వేసినందుకు కంపెనీని తిట్టాలో, నా నోటికి నేను సిగ్గుపడాలో తెలియలేదు. కంపెనీని తిట్టాను, అది సులువు.

నెల రోజులు పోట్లాడాక కొత్త బొమ్మ వచ్చింది. (కుడిచెయ్యి కుడిచెయ్యే. మోకాళ్ళు మాత్రం ఈసారి రెండూ వేలాడుతున్నాయి.) నేనే కుంకుమ భరిణె తెచ్చి, "పెట్టు మా" అన్నాను. అమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని వెనక్కి జరిగింది.

"వద్దులే నాయనా, మళ్ళా కోప్పడతారు."

కంపెనీవాళ్ళు అమ్మ మీద ఏనాడూ కోప్పడలేదు. కోప్పడింది ఒక్కడే. వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంగులో దాచుకున్న ఆ చేతులు గుర్తొచ్చేదాకా.