చాప విప్పి చూశాను

మొన్న పాత పరుపు కుట్లు విప్పగానే వచ్చిన దూది వాసనకు, నరసరావుపేటలో నా ఆరో తరగతి గుర్తొచ్చింది.

ఇంగ్లీషు పాఠంలో ఒక ముసలాయన జుట్టు ‘మ్యాటెడ్’ అని ఉంది. మాస్టారు అర్థం అడగగానే లేచాను. మ్యాట్ అంటే చాప కదా, చాపలా నున్నగా దువ్విన జుట్టు అన్నాను.

"కాదు. చిక్కులుపడి అట్టకట్టిన జుట్టు. మాట పుట్టింది మాత్రం చాపలోంచే," అన్నారు.

నేను నమ్మలేదు. చాపలో చిక్కులెక్కడివి?

ఆ ఆదివారం దూదేకుల మస్తాన్ బాబాయ్ మా వాకిట్లో పాత పరుపు విప్పాడు. దూది అట్టలుగా ఊడొచ్చింది. ఒకటి పట్టుకుని లాగాను.

"లాగమాక అమ్మాయ్! పోగులు ఒకదాన్నొకటి పట్టుకునున్నయ్. ఏకితేనే ఇడతయ్," అంటూ బాబాయ్ దూదేకే విల్లు మోగించాడు. అట్ట కాస్తా పొగలా విడిపోయింది.

లోపలికి పరిగెత్తి మా తుంగచాప అంచు విప్పాను. ప్రతి పోచా పక్కదాన్ని పట్టుకునే ఉంది. చాప కూడా చిక్కే, కాకపోతే ఎవరో ఓపిగ్గా వేసిన చిక్కు.

"కొత్త చాప గదే, ఏం పొయ్యేకాలం నీకు?" అంటూ అమ్మ వీపు విమానం మోత మోగించింది.

ఆ తర్వాత చాలా ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను, మర్చిపోయాను. ఆ ఒక్క మాటకు మాత్రం నేనెప్పుడూ డిక్షనరీ తీయలేదు.