ద్రాక్షపెట్టెల ట్రైలర్

తొంభైల్లో ఒక ఎండాకాలం, శామీర్‌పేటలో బస్సు తప్పిపోతే, జీపుకు ద్రాక్షపెట్టెల ట్రైలర్ తగిలించుకుని వెళ్తున్న ఒక పెద్దాయన నన్ను మేడ్చల్ దాకా ఎక్కించుకున్నాడు. పల్లంలోకి దిగుతుంటే ట్రైలర్ అటూ ఇటూ ఊగి జీపును కూడా ఊపేసింది.

"బ్రేక్ కొట్టండి!" అని అరిచాను.

ఆయన కొట్టలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను కదలకుండా పట్టుకున్నాడు. మెల్లగా ఊపు తగ్గింది.

పక్కకు ఆపి అన్నాడు: "బ్రేక్ కొడితే ఎనకది మనల్నే తిప్పి పడేస్తుండె సారూ. మార్కెట్ల జల్దీ దించొచ్చని మా తోటల పనోళ్లు బరువంత ఎనకనే పెట్టిన్రు, గందుకే ఊగింది."

ఇద్దరం పెట్టెలు ముందుకు జరిపాం. మళ్లీ బయలుదేరాక ఆయన నా పాదాల వైపు చూసి నవ్వాడు.

"ఇగ మీరు గూడ కాలు తియ్యుండ్రి సారూ."

లేని బ్రేకును నా కుడికాలు ఇంకా నొక్కుతూనే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి కారు నడుపుతుంటే, పక్కన కూర్చున్న నేను రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకుంటాను.