కేకత్త చేసిన ఆఖరి చేప

మా వదిన అప్పలనరసమ్మ ఇక లేదన్న దుర్వార్త మొన్న బుధవారం ఉదయం, మా కోటబొమ్మాళి బడిలో ప్రార్థన జరుగుతుండగా నా చెవిన పడింది. ఫోను చేసింది వాళ్ళ పక్కింటి సుశీల. నేను అడిగిన మొదటి మాట, ఏ అప్పలనరసమ్మ అని. మా జిల్లాలో వీధికొక అప్పలనరసమ్మ ఉంటుంది, నిజమే. కాని అరసవల్లి నుంచి ఏడుస్తూ ఫోను చేసి నాకు చెప్పవలసినంతటి అప్పలనరసమ్మ ఇంకెవరుంటారు? ఆ ప్రశ్న నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందురోజు సాయంత్రమే ఆమె నాతో మాట్లాడింది. చేప కేకుకి పొలుసులు అంటిస్తున్నాననీ, తోక దగ్గరికొచ్చేసరికి జీడిపప్పు బద్దలు చాలేలా లేవనీ, తోకకి కొబ్బరి తురుముతో సరిపెడతాననీ చెప్పింది. అంత మామూలుగా మాట్లాడిన మనిషి, నలభై అయిదేళ్ళు నిండని మనిషి, జ్వరమని ఏనాడూ మంచమెక్కని మనిషి తెల్లవారి కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోగా అక్కడే ఒరిగిపోయిందట. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదన్నారు. గుండె ఆగిందన్నారు. నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ముంజేతి మీద బీట్‌రూట్ రంగు ఇంకా పోలేదు. అది కళ్ళారా చూసి కూడా నేను నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడూ సగమే నమ్ముతున్నాను.

ఆమెను ఎరగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి గుడికి వెళ్ళే దారిలో మా అన్నయ్యకి కొబ్బరికాయల దుకాణం ఉంది. దుకాణం వెనక రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లోనే మా వదిన, బేకరీ మెట్లెక్కే స్తోమత లేని ఇళ్ళ పిల్లలకి పుట్టినరోజు కేకులు చేసేది. గుండ్రటి మామూలు కేకులు కావు. పిల్ల ఏ బొమ్మ అడిగితే ఆ బొమ్మ, ఆటో అంటే ఆటో, ఏనుగంటే ఏనుగు. ఆ చుట్టుపక్కల పిల్లలెవరికీ ఆమె అసలు పేరు తెలియదు. అందరికీ కేకత్తే.

ఆమె పోయిన ఉదయం కూడా ఆ ఇంటి గూట్లో ఒక కేకు సిద్ధంగా ఉంది. చావు జరిగిన ఇంట్లో వండి ఉన్నదేదీ ఎవరూ నోట పెట్టరు, ఎత్తి పారబోస్తారు. మా వదిన చేతి ఆఖరి పనికి కూడా ఆ గతే పట్టబోయింది. ఆ కేకు ఏమైందో చెప్పాలనే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. కాని ముందు ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పకపోతే మీకు నా బాధ తెలియదు.

నేను తెలుగు పంతులమ్మను. సమాసాలు లేకుండా ఎవరినీ పొగడలేను. ఒకసారి వదిన ముందు, నీది అనన్యసామాన్యమైన హస్తకౌశలం అన్నాను. ఆమె పిండి కలుపుతున్నదల్లా తలెత్తి, “పంతులమ్మా, ఇంతకీ కేకు బాగున్నాదా నేదా, తెలుగులో సెప్పు” అంది. నా పొగడ్త అక్కడితో ఆగిపోయింది.

ఆమె సాధనసంపత్తి చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఓవెన్ లేదు. పాత కుక్కరులో నాగావళి ఇసకను జల్లించి, కడిగి, ఎండబెట్టి పోసేది. దాని మీద ఇనుప రింగు, రింగు మీద పిండి గిన్నె. కుక్కరు రబ్బరూ విజిలూ తీసేసి మూత పెట్టేది. గుడ్ల ధర పెరిగినప్పుడు పెరుగూ వంటసోడాతో పని జరిపేది. బీట్‌రూట్ ఎరుపు, పాలకూర ఆకుపచ్చ, పసుపు ఉండనే ఉంది, నీలానికి పెరట్లో శంఖుపువ్వులు. ఖాళీ పాల ప్యాకెట్టు కడిగి కొస కత్తిరిస్తే అదే పేర్లు రాసే కలం. దుకాణంలో పగిలి అమ్ముడుపోని కొబ్బరికాయలు ఆమె చేతిలో గడ్డిగానూ అలలుగానూ మారిపోయేవి. పలాస జీడిపప్పులో పగలని గుండ్లు ఎవరైనా పట్టుకుపొమ్మనేది, తనకి బద్దలు చాలుననేది. అంతటి లేమిలో అంతటి సౌందర్యసృష్టిని నేను మరెక్కడా చూడలేదు. ఇది సమాసమే. వినడానికి ఆమె లేదు కనక ధైర్యంగా వాడుతున్నాను.

మొదటి కేకు మా అబ్బాయికే. అప్పటికి వాడు ప్రాథమిక పాఠశాలలో ఉన్నాడు. సుశీల ఫోనులో ఎవరో హిందీ ఆవిడ చేస్తున్న వీడియో చూసి వదిన నేర్చుకుంది. మాటలు అర్థంకాక చేతులు చూసి చేసింది. రబ్బరు తీసెయ్యాలన్న సంగతి చేతుల్లో కనిపించలేదు. మూత తీసేసరికి కేకు తడి ఇటుకలా గిన్నెకి కరుచుకుని ఉంది. ఇంటినిండా చుట్టాలు. శ్రీకాకుళం బజారుకి ఎవరినైనా పంపిద్దామని నేను కంగారుపడుతుంటే ఆమె మారు మాట్లాడకుండా ఆ ముద్దను చిదిమి, బెల్లం పాకంలో కలిపి, పళ్ళెంలో కొండలా పేర్చి, ఆకుపచ్చ కొబ్బరి తురుము చల్లి, పైన మావాడి ప్లాస్టిక్ కోతిని కూర్చోబెట్టింది. చుట్టాలందరూ అదేదో కొత్తరకం కేకనుకున్నారు. “బొమ్మ గుర్తు పడితే సాలు, కడుపులోకెళ్ళేక అన్నీ ఒకటే” అంది నా చెవిలో. మావాడికి ఇప్పుడు మీసాలు వస్తున్నాయి, అయినా ఆ కొండను మించిన కేకు తినలేదంటాడు.

కేకు కావాలని వచ్చిన తల్లిని ఆమె ఏమీ అడిగేది కాదు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, పెద్దమనిషిని అడిగినట్టు అడిగేది. తల్లులు గులాబీ పువ్వంటారు, పిల్లలు పోలీసు జీపంటారు. జీపే తయారయ్యేది. ఒక ఇంటివాళ్ళు మైదా తెచ్చేవారు, ఒకరు పంచదార తెచ్చేవారు. ఏమీ తేలేని ఇంటి పిల్లకి కేకు కాస్త చిన్నదయ్యేది గాని, బొమ్మలో చక్రాలూ లైట్లూ ఏవీ తగ్గేవి కావు.

తుఫానుకి జిల్లా అంతటా స్తంభాలు కూలి చీకట్లో ఉన్న రోజుల్లో, ఆ వీధి లైన్‌మన్ కూతురు వచ్చి కరెంటు స్తంభం కేకు కావాలంది. ఎందుకే అని అడిగితే, “స్తంభం కాడికైతే మా నాన్న వస్తాడు” అంది. ఆ తండ్రి పలాస వైపు తీగలు లాగుతూ ఇల్లు చూసి చాలా రోజులైంది. నేను ఆ పిల్లకి ఏదో సర్దిచెప్పబోయాను. వదిన మాత్రం స్తంభం ఎంత పొడుగు, తీగలెన్ని అని వివరాలు అడుగుతూ కూర్చుంది. గ్యాసు కూడా దొరకని రోజులవి. కట్టెల పొయ్యి మీదే కేకు కాల్చి, పొడుగ్గా కోసి, వేయించిన సేమియాను తీగల్లా అతికించి, స్తంభాన్ని పళ్ళెంలో అడ్డంగా పడుకోబెట్టింది. పుట్టినరోజున పడిపోయిన స్తంభమేమిటి, శుభమా అని నేను విసుక్కున్నాను. “పడిపోతేనే గదా ఆల నాన్న వచ్చి ఎత్తుతాడు” అంది.

ఆ పిల్ల కేకు కొయ్యనివ్వలేదు. మర్నాడు తండ్రి వచ్చాడు. బురద కాళ్ళతోనే చతికిలబడి, కూతురు చూస్తుండగా రెండు చేతులా ఆ స్తంభాన్ని నిలబెట్టబోయాడు. అది నడుం దగ్గర విరిగింది. తుఫాను తరవాత ఆ వీధిలో జనం నవ్వగా విన్నది నేను ఆరోజే.

ఆమె చేత కేకు మార్పించిన మనిషి ఒక్కతే ఉంది, గురమ్మ. సముద్రం ఒడ్డు పల్లెనుంచి ఆటోలో వచ్చి అరసవల్లి వీధుల్లో చేపలమ్ముతుంది. కొడుకులు వేటకి వెళతారు. గురమ్మ మనవరాలు దివ్య మొదటిసారి అడిగింది నాన్న పడవ. వదిన శంఖుపువ్వు నీలంతో అలలు తీర్చి, వాటిమీద పడవను నిలిపి, దాని పక్కన తండ్రి పేరు కూడా రాసి పెట్టింది. నేను చూసి మురిసిపోయాను. గురమ్మ చూసి రెండడుగులు వెనక్కి వేసింది. “పడవని కత్తెట్టి కోస్తారేటి? ఇంట్లో మగోలు సముద్రం మీదున్నారు” అంది.

మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. వదిన వాదించలేదు, తనకి తట్టలేదని చెప్పి అక్కడే కూర్చుంది. పేరు తుడిచేసింది. పడవకి రెండు కొసలూ చెక్కి, ఒక కొసని మూతి చేసి, ఇంకో కొసకి తోక అతికించి, మీదంతా జీడిపప్పు బద్దలు పరిచేసరికి చేప అయింది. చేపనైతే కొయ్యవచ్చా అని అడిగింది. చేపల్ని కోసుకునే కదా తాము బతుకుతున్నదని గురమ్మ నవ్వింది. అప్పటినుంచి ఏటేటా దివ్యకి చేప కేకే. ఈ ఏడు పండుగప్ప.

ఆ పండుగప్పే బుధవారం ఉదయం గూట్లో ఉంది. వచ్చిన ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ పిండీ, పాలూ, రాత్రి కూరా పెరట్లో పారబోస్తున్నారు. ఎక్కడైనా జరిగేదే, వాళ్ళను తప్పుపట్టను. కాని ఒకావిడ కేకు పళ్ళెం ఎత్తేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. దాన్ని ముట్టుకుంటే మర్యాద దక్కదని కేకలేశాను. పళ్ళెం లాక్కుని ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. వాకిట్లో శవాన్ని పెట్టుకుని ఆడపడుచు కేకు కోసం దెబ్బలాడుతోందని జనం వింతగా చూశారు. అన్నయ్య దగ్గరే ఉండే మా అమ్మ వచ్చి నాకు నచ్చజెప్పింది. మైల ఇంటిది పుట్టినరోజు పిల్లకి ఎలా పెడతామే, రేపు ఆ పిల్లకి ఏమైనా అయితే చచ్చినదాని మీదికే కదా మాట వస్తుంది అంది. నాకూ ఆ భయం ఉంది. అయినా పళ్ళెం వదలలేదు.

అంతలో గురమ్మ వచ్చింది. ఏమీ తెలియదు ఆమెకి. చేపలు అమ్ముడుపోయిన ఖాళీ బేసిను నెత్తిన పెట్టుకుని కేకు కోసం వచ్చింది. వాకిట్లో చాప చూసి బేసిను వదిలేసి వదిన కాళ్ళ దగ్గర కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చి ఒళ్ళో పళ్ళెం చూసింది. ఇది పనికిరాదు గురమ్మా, మైలైపోయింది అని ఎవరో చెప్పారు. పడవనే కొయ్యనివ్వని మనిషి ఇది తీసుకుంటుందని నాకు ఆశ లేదు. ఆమె నన్నే అడిగింది, ఇది ఎప్పుడు చేసింది అని. నిన్న సాయంత్రం అన్నాను.

“నిన్న సందేల బతికే ఉన్నాది గదా” అంది గురమ్మ. “బతికున్న మనిసి నా మనవరాలికి సేసింది. ఇలగియ్యి.”

నేను పళ్ళెం ఆమె చేతికిచ్చాను. పళ్ళెం బేసినులో పెట్టి, తువ్వాలు కప్పి, నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మరికాసేపటికి వదిన కూడా ఆ వాకిలి దాటింది. నేను ఎటు చూస్తూ నిలబడ్డానో నాకు గుర్తులేదు.

మైల ఇంట్లో పొయ్యి వెలిగించరు. బయటివాళ్ళు తెచ్చిపెట్టిందే తినాలి. ఇరుగుపొరుగు కారియర్లు తెస్తూనే ఉన్నారు, అన్నయ్య దేన్నీ ముట్టుకోలేదు. మాట్లాడటం కూడా మానేశాడు. మర్నాడు ఉదయం గురమ్మ ఒక స్టీలు డబ్బాతో వచ్చి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. పుట్టినరోజు బాగానే జరిగిందని చెప్పింది. దివ్య కేకు కోసి మొదటి ముక్క ఎవరికీ పెట్టలేదట, కేకత్తకని తీసి ఉంచిందట. “గుంటకి సెప్పనేకపోయేను బాబూ. ఇంకెవులకియ్యను?” అని డబ్బా మూత తీసింది. పండుగప్ప నడుం ముక్క, మీద పొలుసులు చెదరలేదు.

అమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను. అమ్మ డబ్బాకేసి చూసి, బయటినుంచి వచ్చిందే కదా, తిను నాయనా అంది.

అన్నయ్యకి అసలు పుట్టినరోజు తెలియదు. బళ్ళో ఎవరో వేసిన తేదీ ఒకటుంది, ఆ దొంగ తేదీకి కేకు చెయ్యను పొమ్మని వదిన ఏడిపించేది. నువ్వులు కోసే రోజుల్లో పుట్టావన్నది తప్ప అమ్మకి ఇంకేమీ గుర్తులేదు. చేసిన ప్రతి కేకూ ఎవరో ఒక పిల్ల ఇంటికి వెళ్ళిపోయేది, తరుగు ముక్కలకి వాకిట్లో పిల్లలు చేతులు చాపి ఉండేవారు. మావాడి కొండ కూడా అన్నయ్య దుకాణం మూసి వచ్చేలోగా అయిపోయింది. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. అన్నీ కలిపితే ఏమవుతుందో మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు.

అన్నయ్య ఆ ముక్క మెల్లగా తిన్నాడు. వేళ్ళకి అంటిన తీపి చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు ఒక రోజు తరవాత మొదటిసారి నోరు విప్పి నాతో అన్నాడు.

“ఇన్నేళ్ళూ వాసనే సూసేను. రుసి ఇదని నాకు తెల్దు. నీకు తెల్సా?”

నాకు తెలుసు. నేను చాలాసార్లు తిన్నాను. ఆ రుచి ఇక ఈ భూమ్మీద ఎవరింటా దొరకదు. వదినా, నీ చేతికి నమస్కారం.