రాహేలు ముందు నడిచిన ఈస్టర్

హైదరాబాదు ఛత్రినాకలో రాహేలు గొంతు ఎరగనివాళ్లు లేరు. మొఘల్‌పురాలో నూరున్నీసా బేగం ఇంట్లో మిరపకాయలు దంచుతూ ఆమె కీర్తన ఎత్తుకుంటే, లోపలి గదుల్లో ఆడవాళ్లు మాటలు ఆపి వినేవారు. దీన్ని పనికి పెట్టుకున్నది దంచడానికా, పాడటానికా అని బేగం ఎగతాళి చేసేది.

ఏటా ఈస్టర్ నాడు తెల్లవారకముందే క్రైస్తవులంతా పాడుకుంటూ సమాధుల తోటకు బయలుదేరితే, అందరికంటే ముందు నడిచేది రాహేలే. పక్కన లాంతరు పట్టుకుని ఆమె భర్త వైకుంఠం. పాపం, ఆయనకు రాగం రాదు గానీ ఉత్సాహానికి కొదవ లేదు. పంతొమ్మిది వందల ముప్పైతొమ్మిదిలో ఈస్టర్ వచ్చేనాటికి ఆ వైకుంఠమే సమాధుల తోటలో ఉన్నాడు. అంతకుముందు వానాకాలంలో విషజ్వరం ఆయన్ను తీసుకుపోయింది.

పండుగ ముందురోజు సంఘపెద్ద పురుషోత్తం రాహేలును గల్లీలోనే ఆపాడు. మంచివాడే. బైబిలు వాక్యం కంఠతా వచ్చు, శకునాలు అంతకంటే బాగా వచ్చు.

"అమ్మా, ఈయేడు నువ్వు అందరెన్క నడువు. పొద్దుగాల పనికి పోయేటోళ్లకు మొగుడు పోయినామె ఎదురైతే లొల్లి చేస్తరు. మనకెందుకు ఉత్తగ ఫికర్?"

రాహేలుకు ఒళ్లు మండింది. భర్త పోయినప్పటి నుంచి పెళ్లిళ్లలో మూలకు జరగమంటే జరిగింది. ఎవరైనా ప్రయాణమవుతుంటే గోడవైపు తిరిగి నిలబడింది. ఈస్టర్ కూడా వదులుకుంటే ఇక తనకు మిగిలేదేముంది?

"పెద్దయ్యా, ప్రభువు లేచిన ఆ ఆదివారం సమాధి కాడికి ముందుగాల పోయింది ఎవరు? ఏడ్సుకుంట పోయిన ఆడోళ్లు గాదా? ప్రభువు ఆళ్లకే ఎదురొచ్చిండు. నా పెనిమిటి పండుకున్నడు, లేస్తడు. లేచేటోని పెండ్లాన్ని చూస్తే అపశకునం ఎట్లయితది?"

అయితే ముందే నడవమన్నాడు పురుషోత్తం. వైకుంఠం పట్టే లాంతరు తానే పడతానన్నాడు.

ఈ మాటలన్నీ ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఆగమ్మ విన్నది. ఆమె క్రైస్తవురాలు కాదు. చిన్న వయసులోనే భర్త పోయాడు. కొడుకు కృష్ణయ్య పాలు పోయడానికి వెళ్తుంటే, అతను మలుపు తిరిగేదాకా రోజూ తలుపు వెనకే కూర్చునేది.

మర్నాడు చీకటి విడుతుండగా పాట బయలుదేరింది. రాహేలు గొంతులో బెరుకు లేదు. సరిగ్గా ఆగమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి కృష్ణయ్య పాలబిందెతో గడప దాటబోతున్నాడు. ఎదురుగా రాహేలును చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు.

మాట అనలేదు, తిట్టలేదు. అయినా రాహేలు పాట ఆగిపోయింది. వెనక జనమంతా నిలిచిపోయారు. పురుషోత్తం భయపడినంతా అయింది. రాహేలుకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ పక్కకు మాత్రం జరగలేదు.

అప్పుడు కొడుకును తోసుకుని ఆగమ్మ బయటికొచ్చింది. గల్లీలోకి దిగి, రాహేలు పక్కన నిలబడి, కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నీకెదురు రావద్దని తలుపెన్క కూసున్న బిడ్డా. నిన్ను కన్నదాన్ని నేను. ఇయ్యాల నేనే ఎదురొచ్చిన. దాటు."

కృష్ణయ్య తల్లి ముఖంలోకి చూశాడు. బిందె భుజానికెత్తుకుని గడప దాటాడు.

రాహేలు పాటను ఈసారి పై శ్రుతిలో ఎత్తుకుంది.