దర్జీ ఆల్బమ్‌లో రషీదా ఫోటో

గల్ఫ్‌లో మేమున్న ఊరు అల్ రయ్యాన్‌లో, మా ఫ్లాట్‌కు దగ్గర్లోనే ఆడవాళ్ళ కోసం నడిచే దర్జీ దుకాణం ఒకటి ఉండేది. మగవాళ్ళకు ప్రవేశం లేదని తలుపు మీద అరబీలో రాసి ఉంటుంది. కిటికీలకు లోపలి నుంచి తెరలు. దుకాణం నడిపేది హైదరాబాద్ ఫక్రున్నీసా. కత్తిరించడం, కుట్టడం రషీదా పని. రషీదాది కోరుట్ల. భర్త ముజఫ్ఫర్ అలీ అల్ ఖోర్‌లో కంపెనీ బస్సు నడుపుతూ గురువారం సాయంత్రాలు ఇంటికి వచ్చేవాడు.

రషీదా బాగా లావు మనిషి. మిషను ముందు కూర్చుంటే కింద స్టూలు కనిపించదు. గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే అనుకునే వాళ్ళమ్మ కోరుట్ల నుంచి మాటలు రికార్డు చేసి పంపే కాసెట్‌లో సలాం తర్వాత మొదటి మాట అదే: "దుబాయ్ తిండికి ఇంకెంత పెరిగినవే బిడ్డా?" రషీదా ఆ కాసెట్‌ను దుకాణంలో అందరి ముందే వేసి, అందరికంటే ముందు తానే నవ్వేది.

తొంభై అయిదు చలికాలం. రంజాన్ నెల దగ్గరపడుతోంది. పాప తన్మయిని ఎత్తుకుని నేను మధ్యాహ్నాలు ఆ దుకాణానికి వెళ్తుండేదాన్ని. పాప దించమంటే ఎక్కడ గుచ్చుకుంటాయోనని, అక్కడున్నంతసేపూ నా కళ్ళు నేల మీద పడిన గుండుసూదుల కోసమే వెతికేవి.

కౌంటర్ మీద మోడళ్ళ ఆల్బమ్ ఒకటి ఉండేది. అందులో బట్టలన్నీ తొడుక్కున్నది ఒకే ఒక్క సన్నటి అమ్మాయి. డ్రెస్సు వదులైన చోటల్లా వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించి తీసిన ఫోటోలు అవి. ఆడవాళ్ళు ఆ అమ్మాయిని చూసి డ్రెస్సు ఎంచుకునేవారు. కొలతలు మాత్రం ఇచ్చేవారు కాదు, ఆది ఇచ్చేవారు. మనకది అలవాటే కదా. అయితే ఇప్పుడు సరిపోయే డ్రెస్సును ఎవరూ ఆదిగా తెచ్చేవారు కాదు. పెళ్ళికి ముందుదో, తొలి కాన్పుకు ముందుదో తెచ్చేవారు. తప్పు తూనికరాయితో ఎన్నిసార్లు తూచినా తప్పే కదా వస్తుంది. కొత్త డ్రెస్సు పట్టేది కాదు. "గుడ్డ మింగేశావు" అని కొందరు రషీదాను దెప్పేవారు. కొందరు ఏమీ అనకుండా డ్రెస్సు వదిలేసి వెళ్ళిపోయేవారు. అలా వదిలేసినవి గోడ నిండా వేలాడుతుండేవి. తన్మయి కూడా పెద్దదై ఇలాంటి ఆల్బమే తిరగేస్తుందేమోనని నాకు గుబులుగా ఉండేది.

ఒకరోజు రషీదా కత్తెర పక్కన పెట్టి, తాను అక్కలా చూసుకునే ఫక్రున్నీసాతో, "ఆపా, ఈసారి ఈద్ ఆల్బమ్‌ల నేను దిగుత" అంది.

"నువ్వా? ఒక్క ఫోటో రెండు పేజీలు తింటది" అంది ఫక్రున్నీసా.

"తిననీయి. నేను తింటలేనా?"

ఫక్రున్నీసా నవ్వు ఆపుకుని, "గిరాకీ పోతది రషీదా. అందం చూసే ఆర్డర్ ఇస్తరు" అంది.

"అందం చూసి ఇచ్చినయే గా గోడకున్నయి. నాలాంటోళ్ళకు ఎట్లుంటదో ఎవరన్న చూపిచ్చిండ్రా? అందుకే సిగ్గుపడి పాత ఆది తెస్తున్నరు."

ఫక్రున్నీసా ఆలోచించి, ఒక్క ఫోటోకు ఒప్పుకుంది.

గురువారం రాత్రి ముజఫ్ఫర్ అలీ అడ్డం చెప్పాడట. ల్యాబుల్లో ఫోటోలు కడిగేది మగవాళ్ళు, పరాయివాళ్ళ చేతుల్లో తన భార్య ఫోటో ఎందుకు అన్నాడట. అది సరైన మాటేనంది రషీదా. ఫోటోలు తీసే యాస్మీన్ దగ్గర, పరదా పాటించే ఇళ్ళ పెళ్ళిళ్ళ కోసం వేరే కెమెరా ఉంది. నొక్కగానే కాగితం బయటికి వస్తుంది, ల్యాబుతో పని లేదు. ఆల్బమ్ దుకాణం దాటదు. ఇదంతా చెప్పాక ఆయన, "మరి నేను గూడ చూడొద్దా?" అన్నాడట. "నన్ను చూస్తనే ఉన్నవు గదా" అందట రషీదా.

ఫోటో రోజు రషీదా తన కోసం కుట్టుకున్న నెమలికంఠం రంగు పొడవు కుర్తా వేసుకుంది. యాస్మీన్ గోడకు దుప్పటి కట్టింది.

"ఖాలా, కొంచెం పక్కకు తిరగండి. దుపట్టా పొట్ట మీదికి పరవండి."

రషీదా అలాగే నిలబడింది. కాగితం వచ్చింది. చూసి, "ఇది డ్రెస్సు ఫోటోనా, దుపట్టా ఫోటోనా?" అంది.

"పోనీ, మిషను వెనక కూర్చోండి."

"కూసోను. నిలబడ్డప్పుడు ఎట్లుంటదో చూపియ్యాలె."

యాస్మీన్ అలవాటుగా క్లిప్పు తీసుకుని వెనక్కి వెళ్ళింది. వీపు మీద తడిమి చూసింది. పట్టుకోవడానికి వదులు ఎక్కడా లేదు.

"ఇది నా కొలతకే కుట్టిన బిడ్డా. క్లిప్పు లోపల పెట్టు" అంటూ రషీదా దుపట్టాను ఒక భుజం మీదికి నెట్టి, చేతులు వదిలేసి, కెమెరాకు ఎదురుగా నిలబడింది.

కాగితంలో ముందు రంగు తేలింది, తర్వాత ఆకారం, చివరికి ముఖం. పొట్ట పొట్టలాగే ఉంది. కుర్తా మాత్రం ఎక్కడా పట్టేయకుండా భుజాల నుంచి నేరుగా జారింది.

"పొట్ట కనబడుతున్నది" అంది ఫక్రున్నీసా.

"ఉన్నది గదా, కనబడుతది."

ఫోటోను చివరి పేజీలో పెట్టారు. ఆ వారమే ఇద్దరు అమ్మాయిలు చూసి, ఈమెకు కుట్టింది గుడారమా అని నవ్వుకున్నారు. రషీదా మిషను ఆపకుండానే, "గుడారం గూడ కుడత బిడ్డా, చెప్పుండ్రి" అంది. వాళ్ళు తల దించుకుని వేరే డ్రెస్సుకు ఆర్డర్ ఇచ్చి వెళ్ళారు.

"చూసినవా? తీసేస్తున్నా" అని ఫక్రున్నీసా చెయ్యి చాపింది. రషీదా లేచి వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

"నవ్వినోళ్ళు ఆర్డర్ ఇచ్చే పోయిండ్రు గదా. ఈద్ దాక ఉండనీయి ఆపా. అప్పటికి గూడ ఈ డ్రెస్సు ఎవ్వరు అడగకుంటె నేనే చింపేస్త."

రోజులు గడిచాయి. చాలామంది ఆ పేజీ దగ్గర ఆగేవారు. కొందరు ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి తిప్పేవారు. అడిగినవాళ్ళు లేరు. రషీదా తల ఎత్తి చూసేది కాదు. ఈద్ దగ్గరపడింది.

అప్పుడు వచ్చింది కమలాదేవి, మా భవనంలోనే ఉండే ఇంజనీరు సుధాకరరావు గారి భార్య. కంపెనీ పార్టీకి డ్రెస్సు కావాలట. చివరి పేజీ దగ్గర చాలాసేపు ఆగి, "ఈమె ఎవరండీ?" అని అడిగింది. ఫక్రున్నీసా గడ్డంతో మిషను వైపు చూపించింది. రషీదా లేచి నిలబడింది.

"అచ్చం ఇలాగే ఉన్నారే."

"మరెట్లుంట మేడం?"

కమలాదేవి ఆది కోసం తెచ్చిన సంచిని చంక కిందికి జరుపుకుంది. "నాకూ ఇదే కుట్టండి. కొలతలు తీసుకుంటారా?"

రషీదా మెడలోని టేపు తీసింది. కమలాదేవి చేతులు చాచి, పొట్ట లోపలికి లాక్కుని బిగుసుకుపోయింది. రషీదా ఆమె నడుము దగ్గర టేపు పట్టుకుని ఊరికే నిలబడింది.

"ఊపిరి వదులుండ్రి మేడం. నాకేం తొందర లేదు."

"వదిలితే పెరుగుతుందండీ."

"పెరగనీయిండ్రి. పార్టీల అన్నం తినరా?"

కమలాదేవికి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటే ఊపిరీ వదిలేసింది. టేపు ఎంత కావాలంటే అంత జరగనిచ్చి, రషీదా అంకె పైకి చదివింది. ఫక్రున్నీసా రాసుకుంటూ, "యాస్మీన్‌ను మళ్ళ ఎప్పుడు పిలుద్దాం?" అంది.

"నాకని తెచ్చుకున్న ఆకుపచ్చ గుడ్డ ఇంక కత్తిరియ్యలేదు ఆపా. శుక్రవారం పోయినంక పిలువు" అంది రషీదా, టేపును కమలాదేవి భుజాల మీదికి జరుపుతూ.