పై వాటా తాళం

పోలీసులు సోదాకు వెళ్తే తాళాలు తీయడానికి పిలిచేది ఈ తాళాలాయన్నే. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. భుజాన రెక్సిన్ సంచి, ముక్కు చివరికి జారే కళ్లజోడు, మెట్టు మెట్టుకీ మొరాయించే మోకాళ్లు. గుమ్మం ముందు చతికిలబడి, ముందుగా కోర్టు కాగితం అడుగుతాడు. అందులో ఇంటి నంబరు వేలుపెట్టి చదువుకుని, తలుపు మీది నంబరుతో సరిచూసుకున్నాకే సంచిలోంచి సన్నటి ఇనుప తీగ తీస్తాడు. "వచ్చాడండీ జడ్జిగారు!" అని కానిస్టేబుళ్లు నవ్వుతారు. ఆయనకు ఆ నవ్వులూ పాతబడిపోయాయి.

ఇవాళ కింది వాటా అంతా గాలించారు. ఏమీ దొరకలేదు. ఇన్‌స్పెక్టరు పైకి చూసి, "ఆ పై వాటా కూడా తియ్యి" అన్నాడు. కాగితంలో ఉన్నది కింది వాటా ఒక్కటే. పై వాటావాళ్లు పనికి పోయారు. తాళాలాయన కాగితం అడక్కుండానే మెట్లెక్కి, తాళంలో తీగ పెట్టి పావుగంట తిప్పాడు. చెమట తుడుచుకున్నాడు.

"రావట్లేదు సార్. వయసైపోయింది, చేతులు వణుకుతున్నాయి."

తాళం పగలగొడితే గుర్తు మిగులుతుంది, దానికి రేపు కోర్టులో జవాబు చెప్పుకోవాలి. ఇన్‌స్పెక్టరు పళ్లు నూరుకుంటూ, కాగితంతోనే వస్తానని జీపెక్కాడు.

కింది వాటా ఇల్లాలు చెల్లాచెదురైన బట్టలు ఏరుకుంటూ అడిగింది. "నిజంగా రాలేదా బాబాయ్?"

"ఆ తాళం బిగించిందే నేనమ్మా," అంటూ ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. "రేపు కాగితం తెస్తే అర నిమిషంలో తీసేస్తాను."