గోడ పక్కన మనిషి

సగం దుకాణం రోడ్డు వెడల్పులో పోతే ఎవరైనా లబోదిబోమంటారు. సిద్దిపేటలో పుస్తకాలకు అట్టలు కట్టే మజహర్ మియా మాత్రం గొడుగు తెచ్చి కూలిన గోడను కొలిచాడు. పరిహారం పైసా రాలేదు. ఆయన అర్జీ కూడా పెట్టలేదు. ఎక్కడ గోడ కూలినా వెళ్లి బొమ్మ గీయడం ఆయన పిచ్చి. గొడుగే కొలబద్ద.

పిచ్చి అంటించింది ఒక పాత పుస్తకం. అట్ట కట్టమని ఇచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. పేరున్న పుట ఎలుకలు తిన్నాయి. లోపలంతా ఏదో శిథిల నగరం బొమ్మలే. ఆకాశాన్ని మోస్తున్న ఒంటి స్తంభాలు, గడ్డి మొలిచిన మెట్లు, ఎవరూ దాటని ద్వారాల్లో వెన్నెల. బీడీలు చుట్టే కొండవ్వ, ఆకు నానేదాకా వచ్చి ఆ పుటల్లోనే తిరిగేది.

"గింత పట్నంల మనుషులేరి మియా?"

"గీయనొక్కడున్నడు గద!" ప్రతి స్తంభం పక్కనా చీమంత తలపాగా మనిషి. "ఇంటాయన. అందరు పోయిన్రు, ఈయన పోలే."

ఎనభై ఎనిమిదిలో కొండవ్వ ఇల్లూ రోడ్డుకు అడ్డమైంది. బుల్డోజరు లేపిన దుమ్ము అణగకముందే మజహర్ గొడుగుతో హాజరు.

"అక్కా, గోడ పక్కన నిలబడు. కదలకు!"

"కొంప కూలి నేనేడుస్తుంటె నీకు బొమ్మల సోకా? సిగ్గుండాలె!"

"ఏడువు. కదలకుంట ఏడువు."

ఏడాది తర్వాత ఇళ్ల జాగాలు పంచుతూ కొత్త ఆఫీసరు అడిగాడు: "అక్కడ నీకు ఇల్లుండేదని సాక్ష్యమేది?"

కొండవ్వ దగ్గర చేటెడు బీడీలు తప్ప కాగితం ముక్క లేదు. వెనక ఎవరో దగ్గారు. మజహర్! చంకలో రెండు పుస్తకాలు. ఒకటి పాతది. రెండోది తానే ఎర్రబట్టతో కుట్టింది. అందులో నలభై నాలుగు గోడలు. పక్కన మనిషి, కింద పేరు, తేదీ, ఎన్ని గొడుగుల ఎత్తో.

"పాత బుక్కుల ఇంటాయన లెక్కనే గీసిన సాబ్," అన్నాడు మజహర్.

ఆఫీసరు రెండూ తిప్పి నవ్వాడు. "మియా, పాత పుస్తకంలో ఉన్నది ఇంటాయన కాదు. స్తంభం ఎత్తు తెలియాలని పక్కన మనిషిని గీస్తారు."

"ఎత్తుకైతే కట్టె సాలదా సాబ్?"

ఆఫీసరు నవ్వు ఆగింది. కలం తీశాడు.

బయటికొచ్చి కొండవ్వ బొమ్మ చూసుకుంది. "జాగ అచ్చింది సరే, గింత లావుగ గీస్తవా నన్ను?"

"కదిలినవ్ అక్కా."

అప్పుడే ఆమె మొదటి పుట చూసింది. మజహర్ దుకాణం గోడ. పక్కన ఎవరూ లేరు. గీసేవాడు నిలబడలేడు కదా!

ఆయన పరిహారానికి కొండవ్వ అర్జీ రాయించింది. ఆ బొమ్మల్లోని నలభై ముగ్గురూ వేలిముద్రలు వేశారు. మీరూ వచ్చి సంతకం పెట్టండి. గొడుగు ఆయనే తెస్తాడు. మీరు కదలకుండా ఆయన గోడ పక్కన నిలబడితే చాలు.